పోలింగ్ రోజున సెల్చుక్‌లో

మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. మా ఊళ్లో ఎన్నికలకు ఒక పద్ధతి ఉంది. పోలింగ్ ఇంకా రెండు మూడు రోజులుందనగానే ఆడవాళ్లను, పిల్లలను ప్రొద్దుటూరులోనో మైదుకూరులోనో చుట్టాల ఇళ్లకు పంపేస్తారు. మగవాళ్లే ఊళ్లో ఉంటారు. ఆ ఏడు నా కోడలు, మనవరాలు ప్రొద్దుటూరు పోయారు. నన్ను టర్కీ పంపారు.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మా సంఘం పాస్టరుగారిని మేము అయ్యగారు అంటాం. ఆయన అక్కడికి, బైబిల్లో వచ్చే ఎఫెసు అనే పాత పట్నం యాత్రకు ఒక గుంపును తీసుకుపోతుంటే నా కొడుకు ప్రభాకర్ నా పేరు ఇచ్చి డబ్బు కట్టేశాడు. ఆ తర్వాత పోలింగ్ తేదీ వచ్చింది. చూస్తే సరిగ్గా మేము ఎఫెసులో ఉండే రోజే. ప్రభాకర్ ఒక పార్టీకి బూత్ ఏజెంటు. పోలింగ్ గదిలో కూర్చుని, వచ్చినవాళ్లు అసలు ఓటర్లా కాదా అని చూడడం వాడి పని. అంతకుముందు ఒక ఎన్నికల్లో అదే పనికి పోయిన మా మరిది మళ్లీ ఇంటికి రాలేదు. అందుకే నేను పోనన్నాను.

"నువ్వు ఈడుంటే నేను ఆడ కూర్చోని నీ గురించే ఆలోచన చేస్తాంటా మా. నువ్వు పో. దేవుని దగ్గరికే కదా పోతాండేది" అన్నాడు వాడు.

"దేవుడు ఈడ లేడారా?"

"ఉండాడు. ఆయప్పకు గూడా పోలింగ్ నాడు ఊరిడిసి పోవాలనే ఉంటాది."

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు, పులివెందుల, కదిరి మీదుగా బెంగళూరు పోయి విమానం ఎక్కాం. మధ్యలో ఇంకో విమానం మారి ఇజ్మీర్‌లో దిగాం. అక్కడి నుంచి సెల్చుక్ అనే చిన్న ఊరికి వ్యానులో గంట ప్రయాణం. ఎఫెసు శిథిలాలు ఆ ఊరికి ఆనుకునే ఉంటాయి. దారంతా నేను వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను, ఏ బండి అయినా మా వెంట వస్తున్నదేమో అని. పక్క సీటులో సుగుణమ్మ. పులివెందులలో నర్సుగా చేసి రిటైరైంది. "ఏం వదినా, నిన్ను ఏసేదానికి మనోళ్లు ఈడికి గూడా వస్తారా? వీసా దొరకద్దూ?" అని ఎగతాళి చేసింది.

సెల్చుక్ మన బద్వేలు కంటే చిన్న ఊరు. నడివీధిలో పాతకాలపు రాతి స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు వాటి మీదుగా ఊరికి నీళ్లు పారేవట. ఇప్పుడు ఒక్కో స్తంభం మీద ఒక్కో కొంగ గూడు. కింద కాఫీ అంగళ్లు. గుట్ట మీద కోట, దాని దిగువన పాత చర్చి, ఇంకా దిగువన పాత మసీదు. మేము దిగిన చిన్న లాడ్జిలో రొట్టె, ఆలివు కాయలు, జున్ను, గుడ్డు పెట్టారు. వంటామెకు మిరపకాయ కావాలని సైగ చేస్తే పచ్చిది ఒకటి తెచ్చి ఇచ్చి, నేను కొరికి తింటుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. నాకు కారమే తగల్లేదు.

పోలింగ్ రోజు నేను తెల్లవారుజామునే లేచాను. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. నేను ముఖం కడుక్కునేసరికే మా ఊళ్లో ఓట్లు మొదలయ్యాయి. ప్రభాకర్ ఫోను ఆపేసి ఉంది. గదిలోకి ఫోను తీసుకుపోనివ్వరని, అయిపోయాక తానే చేస్తానని వాడు ముందే చెప్పాడు. తెలిసి కూడా చేస్తూనే ఉన్నాను.

ఎనిమిదింటికి ఎఫెసు తలుపులు తీయగానే లోపలికి పోయాం. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు పైగేటు దగ్గర దిగి కిందికి నడవాలి. అయ్యగారు అట్లా చేశారు కాబట్టి సరిపోయింది. పాలరాతి దారి జారుతుంది. నడవడానికి రెండు గంటలు పట్టింది. పెద్ద గ్రంథాలయం ముఖం ఒక్కటే నిలబడి ఉంది, వెనక ఏమీ లేదు. చివర్లో కొండను తొలిచి కట్టిన రంగస్థలం. మెట్ల మీద కూర్చోబెట్టి అయ్యగారు అక్కడ జరిగిన పాత గొడవ చెప్పారు. దేవత వెండి బొమ్మలు చేసే ఒకడు, కొత్త మతం వస్తే తన వ్యాపారం పోతుందని జనాన్ని రెచ్చగొట్టి ఇక్కడికి తోలుకొచ్చాడట. గంటల తరబడి అరిచారట. సగం మందికి ఎందుకొచ్చారో కూడా తెలియదట.

"మనూరి మీటింగే" అన్నాను. అయ్యగారు నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు. మళ్లీ ఫోను చేశాను.

మధ్యాహ్నం ఊళ్లో భోంచేసి పముజాక్ అనే సముద్రతీరానికి పోయాం. సెల్చుక్ నుంచి పావుగంట దారి. చిన్న వ్యానులు తిరుగుతుంటాయి. టికెట్టు మన జమ్మలమడుగు నుంచి కడపకు బస్సు టికెట్టంత. మాకు మాత్రం సొంత బండి ఉంది. డ్రైవరు పేరు హసన్, మీసాల మనిషి. ఇసుక చాలా వెడల్పు, జనం తక్కువ. అందరూ నీళ్లలో కాళ్లు పెట్టారు. నేను ఫోను తడుస్తుందని గట్టునే నిలబడ్డాను.

తిరిగి బయలుదేరేటప్పుడు నా అలవాటు బయటపడింది. మా ఇంట్లో మగవాళ్లు పోయిన దారిన తిరిగి రారు. కాపు కాసేవాడు ఆ దారిలోనే ఉంటాడు. నేను అయ్యగారిని పట్టుకుని, "వచ్చిన దారిన వద్దు అయ్యగారూ, ఇంకో దారి ఉందేమో అడగండి" అన్నాను. ఆయన మొహమాటపడుతూ ఇంగ్లీషులో అడిగారు. హసన్ భుజాలు ఎగరేసి, నారింజ తోటల మధ్య సన్నని దారిలోకి తిప్పాడు.

కొంత దూరం పోయామో లేదో, ఎదురుగా కార్ల వరుస. హారన్లు మోగిస్తూ వచ్చి దారికి అడ్డంగా ఆగాయి. తలుపులు తీసుకుని మగపిల్లలు దిగారు. ఒకడు చెయ్యి పైకెత్తాడు. ఢాం, ఢాం అని రెండు చప్పుళ్లు.

"పండుకోండి! అందరూ కింద పండుకోండి!" అని అరిచి, సుగుణమ్మ జబ్బ పట్టి లాగి సీట్ల సందులో పడ్డాను. ఆమె నా మీద పడింది. వెనక నలుగురూ పడ్డారు. వాళ్లదీ మన జిల్లాయే కదా.

బండి తలుపు జరిగింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. చల్లగా ఏదో నా చేతుల మీద, నుదుటి మీద పడింది. నిమ్మకాయ వాసన. కళ్లు తెరిస్తే తలకు గుడ్డ కట్టుకున్న నా వయసావిడ, చేతిలో అత్తరు సీసా. నేను సొమ్మసిల్లాననుకుందేమో. ఆమె వెనక తెల్ల గౌనులో పెళ్లికూతురు తొంగి చూస్తోంది. డోలు మొదలైంది. హసన్ స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వుతున్నాడు.

"లెయ్ వదినా, నా నడుము విరిగిపాయ. పెండ్లి అది! సంబరానికి తుపాకి పేలుస్తాండారు!" అంది సుగుణమ్మ.

అప్పుడే ఫోను మోగింది. ప్రభాకర్.

"అమ్మా, అయిపోయింద..." అంటూనే వాడు ఆగాడు. బయట ఇంకో రెండు పేలాయి. "ఆ చప్పుడేంది? యాడుండావు మా? కింద పండుకో! తల ఎత్తద్దు!"

"పండుకోనే ఉండా నాయనా" అన్నాను. నవ్వో ఏడుపో తెలియకుండా వచ్చేసింది. "పెండ్లిరా. ఈడ పెండ్లయితాంది. నువ్వు బాగుండావా?"

"నాకేమయితాది? అవతలి పార్టీ ఏజెంటు నాతో చదువుకున్నోడే. మధ్యాన్నం వాళ్లింటి చిత్రాన్నం ఇద్దరం తిన్యాం. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటాండా. నా గుండె ఆగినంత పనాయ మా" అన్నాడు.

ఆ పెళ్లివాళ్లు మా అందరికీ మిఠాయిలు పంచి గాని దారి వదల్లేదు. సుగుణమ్మ దిగి వాళ్లతో చేతులు కలిపి నాలుగడుగులు వేసింది. నేను తలుపు దగ్గరే కూర్చుని, ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు.

నా జీవితంలో పోలింగ్ నాటి సాయంత్రం ఆకలి వేసింది ఆ ఒక్కసారే. రాత్రి లాడ్జిలో రెండోసారి అడిగి అన్నం పెట్టించుకున్నాను. వాడి కోసం నేను ఎట్లా వణుకుతానో వాడికి ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఆ రెండు నిమిషాల్లో వాడికి తెలిసింది. ఇప్పుడు ఎక్కడికి పోయినా చేరగానే వాడే ఫోను చేస్తాడు, నేను అడగనక్కర్లేదు.

పోయేవాళ్లకు ఒక్క మాట. పముజాక్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు డ్రైవరును తోటల దారిన పోనివ్వమనండి. నేను భయపడి అడిగాను. మీరు నారింజ పూల వాసన కోసం అడగండి. ఎండలు ముదరకముందే పోతే దారి పొడుగునా ఉంటుంది.