ఒడిబియ్యంలో వచ్చిన వెండి రూపాయలు

మా మేనమామ మీద పగ పట్టాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

అమ్మమ్మ పోయేముందు తన ఐదు వెండి రూపాయలూ మా అమ్మకే ఇమ్మని మామతో చెప్పింది. పుట్టిల్లు కోరుట్లలో అమ్మ కొంగులో ఒడిబియ్యం పోసినప్పుడు మామ వాటిని పసుపు బియ్యంలో, ఎండుకొబ్బరి కుడుకల పక్కన పెట్టాడు. అమ్మ కళ్ళకద్దుకుని సిరిసిల్ల తెచ్చుకుంది. పుట్టింటి ఒడిబియ్యంలో వచ్చినదాన్ని తూచడం, గీకి చూడడం మా వైపు తప్పు. ఏటా దీపావళికి అమ్మ వాటిమీద పసుపు, కుంకుమ పెట్టేది. ఎన్నడూ కడగలేదు.

నేను జగిత్యాలలో ఒక వెండి దుకాణంలో బిల్లులు రాస్తాను. వాటితో దండ చేయించమని నిరుడు అమ్మ నా చేతికిచ్చింది. దుకాణంలో పసుపు కడిగి కాంటా మీద పెడితే ఒక్కోటి తొమ్మిదిన్నర గ్రాములు. అసలు వెండి రూపాయి తులం తూగుతుంది, పదకొండున్నర గ్రాముల పైమాటే. ఎంత అరిగినా అంత తగ్గదు. పైగా ఐదూ ఒకే తూకం. చేతులు మారిన పాత రూపాయలు ఒక్కోటి ఒక్కో తీరుగా అరుగుతాయి. వీటిమీద రాజు గడ్డం మొద్దుబారి ఉంది, అంచుల్లో పూత లేచి ఇత్తడి కనిపిస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మామే అసలువి ఉంచుకుని ఇవి పెట్టాడని అమ్మతో అన్నాను.

“తమ్మున్ని గట్లనకు బిడ్డా,” అంది అమ్మ. “అమ్మ దగ్గరనే గట్లుండెనేమో.”

చచ్చిపోయిన అమ్మమ్మ మీదికి ఆ మోసం పోవడం నేను భరించలేకపోయాను.

ఈ ఏడు మామ మళ్ళీ ఒడిబియ్యానికి పిలిచాడు. చిన్న కాంటా ఒకటి సంచిలో వేసుకుని అమ్మ వెంట వెళ్ళాను. చుట్టాలంతా కూర్చున్నాక కాంటానూ, ఆ ఐదు రూపాయలనూ మామ ముందు పెట్టాను.

“నువ్వే తూచు మామా,” అన్నాను. “ఒక్కటన్న పదకొండు గ్రాములు దాటితే నీ కాళ్ళు మొక్కుత.”

మామ దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాడు. ఆ మొహం చూస్తుంటే నాకు కడుపు నిండింది. అత్త లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తెరిచిన చప్పుడైంది. ఎవరి వైపూ చూడకుండా ఒక గుడ్డ మూట తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

“ఇద్దామనే అనుకున్న అక్కా,” అన్నాడు మామ.

అమ్మ మూట విప్పి, కాంటా తన ముందుకు జరుపుకుంది. పుట్టింట్లో కూర్చుని, తమ్ముడు చూస్తుండగా, ఒక్కో రూపాయే తూచింది. ఐదోది దించాకే ఒడిబియ్యానికి కొంగు పట్టింది.