బల్ల కప్పులు కడిగే పని

మా చర్చి సంఘంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, నెలకు ఒకసారి, మొదటి ఆదివారం జరుగుతుంది. ద్రాక్షరసం పోసే అరవై నాలుగు చిన్న గాజు కప్పులు కడిగే పని మా ఇంటిది. ఇరవై ఏళ్ళు మా అత్తమ్మ కడిగింది. పోయిన ఏడాది మోకాళ్ళు మొరాయించాక, "ఇగ నువ్వు చూస్కో బిడ్డా" అని కప్పుల డబ్బా నా చేతిలో పెట్టింది. అప్పటికి మా పాపకు నాలుగు నెలలు.

ఆరాధన శాలిబండలో, ఒక బీరువాల వర్క్‌షాపు మీది హాల్లో జరుగుతుంది. మేముండేది దబీర్‌పురాలో. హాల్లో నల్లా నీళ్ళకు నమ్మకం లేదు కాబట్టి కప్పులు ఇంటికే తెచ్చుకోవాలి. శనివారం కడగాలి, ఆదివారం తీసుకెళ్ళాలి, మళ్ళీ తెచ్చి కడగాలి. మా ఆయనకు బస్సు డిపోలో ఆదివారం డ్యూటీ. అందుకని పాపను చంకనెత్తుకుని, డబ్బా ఒడిలో పెట్టుకుని షేర్ ఆటోలో వెళ్తాను. ప్రతి గుంతకూ డబ్బాను ముందు పట్టుకోవాలా, పాపను ముందు పట్టుకోవాలా తెలియదు.

"క్యా హై ఆపా, చాయ్ గ్లాసా?" అని ఒక ఆటో భాయ్ అడిగాడు.

"హా భాయ్, జర ధీరే" అన్నాను, మెల్లగా పోనిమ్మని. అంతకంటే వివరించే ఓపిక లేకపోయింది.

ఈమధ్య సంఘ వార్షికోత్సవం చేశారు. పాటలు పాడినవాళ్ళకు శాలువాలు కప్పారు. మైకు చూసినవాళ్ళకు కప్పారు, బిర్యానీ వండినవాళ్ళకు కప్పారు, చెప్పులు వరసగా పెట్టించిన అన్నకు కూడా కప్పారు. నేను పాప చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టించాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, కప్పుల గురించి ఈ ఏడాదిలో ఒక్కరు ఒక్క మాట అనలేదని. డిగ్రీ చదివినదాన్ని, శాలువా కోసం ఏడవడమేమిటని సిగ్గేసింది. సిగ్గేసినా బాధ పోలేదు. వచ్చే బల్ల అయిపోగానే డబ్బా పాస్టరమ్మకు ఇచ్చేసి, పాప చిన్నది, నాతో కాదని చెప్పాలని నిర్ణయించుకున్నాను. అత్తమ్మకు కూడా చెప్పాను.

"నీ ఇష్టం" అంది. ఆ రెండు మాటలు ఆమె ఎలా అంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ వారమే పాపకు జలుబు చేసింది, వెంటనే నాకూ అంటుకుంది. జ్వరం లేకపోయినా రోజుకు ఆరుసార్లు పాప ఒళ్ళు పట్టుకుని చూసే మనిషిని నేను. మా ఇంటి జలుబు కప్పుల్లోంచి సంఘమంతటికీ పాకితే ఎలా అని భయం పట్టుకుంది. శనివారం వేడినీళ్ళలో సబ్బుతో కప్పులు కడిగాను. అది చాలదనిపించి, పాప బట్టలు నానబెట్టే క్రిములు చంపే మందు రెండు మూతలు పోసి కప్పులన్నీ రాత్రంతా అందులో ఉంచాను. పొద్దున నల్లా అరగంటే వచ్చింది. ఒక్కసారే కడిగి తుడిచాను. ముక్కు మూసుకుపోయి ఉంది, నాకు ఏ వాసనా తెలియలేదు.

ఆ రోజు అత్తమ్మ కూడా ఒకరి బండి వెనక కూర్చుని వచ్చి, మెల్లగా మెట్లెక్కింది. బల్ల ఎంత భక్తిగా జరిగిందో చెప్పలేను. ముందు కూర్చునే పెద్దాయన కప్పు పెదవుల దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. వెనక వరసలో ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పిల్లలు కూడా కిక్కురుమనలేదు. నా కప్పు కొంచెం చేదుగా ఉంటే, జలుబు నోరు కదా అనుకున్నాను.

ఇంటికొచ్చి కూర్చోగానే అత్తమ్మ అడిగింది. "బిడ్డా, కప్పులల్ల ఏం పోసినవ్?"

"ఏం పోయలే అత్తమ్మా."

"మరి దవఖాన వాసనేంది?"

అప్పుడు నాకు అర్థమైంది. "ఒక్కరు గూడ ఏమనలేదు కదా" అన్నాను.

"బల్ల కాడ బాగలేదని ఎవరంటరు? అందరు కండ్లు మూసుకొని మింగిండ్రు." అని నవ్వడం మొదలుపెట్టి, మోకాలు పట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమెను చూసి పాప కూడా నవ్వింది. నేను మాత్రం నాలుగిళ్ళకు ఫోన్ చేసి, "అక్కా, కడుపు మంచిగున్నదా" అని అడిగాను. అందరూ శుభ్రంగా భోంచేసి పడుకున్నారు.

మధ్యాహ్నం కప్పులు కడుగుతుంటే అత్తమ్మ స్టూలు వేసుకుని తుడవడానికి కూర్చుంది. మనసులో ఉన్నది బయటికొచ్చేసింది. "మంచిగ కడిగినా అడగరు, ఖరాబు చేసినా అడగరు. ఎవరి కోసం అత్తమ్మా ఇది?"

ఆమె ఒక కప్పును వెలుతురుకు పట్టి చూసింది. "మనోళ్ళు ఎప్పుడు కూసున్న కాడనే కూసుంటరు కదా. ట్రేల ముందు వరస పెద్దోళ్ళకు పోతది. గీ మూల కప్పు గా సెలూన్ నడిపే అన్నది. కడిగినంతసేపు వాళ్ళ కోసం ప్రార్థన చేస్త."

"ఒకరి కప్పు ఇంకొకరికి పోతే?"

"పోతె పోయె. ఎవరికో ఒకరికి ముడుతది గదా."

"ప్రతిసారి ప్రార్థనే చేసినవా?"

"ఏడ బిడ్డా. సగం సార్లు తిట్టుకుంట కడిగిన. కప్పు ఆరేసరికి తిట్లు అయిపోతయ్. ఇరవై ఏండ్లల్ల నాలుగే పగిలినయ్. నాలుగూ మీ మామయ్య పలగ్గొట్టినవే."

నవ్వుతూనే తర్వాతి కప్పు తీశాను. ఆమె లెక్క ప్రకారం అది పాటల బృందాన్ని నడిపే అక్కది. ఎర్ర శాలువా కప్పించుకున్నామె. నా చేయి బిగుసుకుంది, పీచు గట్టిగా తిరిగింది. పగులుతుందని భయమేసి పక్కన పెట్టాను. మిగిలినవన్నీ అయ్యాక మళ్ళీ తీశాను. ఆమె కొడుకు పదో తరగతి తప్పాడని, ఆ వారం కూడా ఆమె ఏ పాటా ఆపకుండా పాడిందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పిల్లవాడి కోసం ప్రార్థన చేశాను. నా చేయి ఎప్పుడు వదులైందో చూసుకోలేదు.

అయినా మాటంటే మాటేనని మర్నాడు సాయంత్రం డబ్బా తీసుకుని పాస్టరమ్మ ఇంటికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆమె పెదవులు అదిమిపట్టుకుంది.

"నిన్నటి ముచ్చటేనా? పాస్టరయ్యగారు ఇంకా నవ్వుతనే ఉన్నరు. ఈ నెల సంఘం లోపటి నుంచి గూడ సాఫైందన్నరు. మీ అత్తమ్మ మొదటిసారి సబ్బు నురగతోనే తెచ్చింది, చెప్పలేదా?"

"చెప్పలేదమ్మగారూ."

"చెప్పదులే. డబ్బా ఎందుకు తెచ్చినవ్?"

ఇచ్చేయడానికని చెప్పాలి. ఆ సెలూన్ అన్న కప్పు, ఆ అక్క కప్పు రేపటి నుంచి ఎవరి చేతిలో ఉంటాయో అనిపించింది. నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు అనుకున్నాను, నాకూ నిన్ననే కదా తెలిసింది. "ఏం లేదమ్మగారూ, ఒక కప్పు అంచు చూపిద్దామని" అన్నాను. అంచుకేమీ కాలేదు.

"మంచిగనే ఉన్నది. ఎట్లాగు వచ్చినవ్, గీ బల్ల బట్ట గూడ తీస్కపో. నా మణికట్టు బెణికింది, ఉతకొస్తలేదు."

ఇంట్లో అత్తమ్మ డబ్బాను చూసింది, దానిమీద మడతపెట్టిన తెల్లబట్టను చూసింది.

"ఇచ్చొస్తనని పోయి ఇంకోటి తెచ్చుకున్నవా?"

"బట్ట ఈ ఒక్క నెలకే అత్తమ్మా."

"నేను గూడ గట్లనే అనుకున్న" అంది.

బట్ట నడిమధ్య అరచేయంత ద్రాక్ష మరక ఉంది. నిమ్మకాయ రుద్ది ఉతికితే సగమే పోయింది. ఇంకో నిమ్మకాయ కోసి, మళ్ళీ నానబెట్టాను.