దిద్దకుండా వదిలిన పదాలు

మా నాన్న ఉద్యోగంలో ఉండగానే పోయారు. కారుణ్య నియామకం కింద నాకు నారాయణగూడలోని ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. గడువులోగా టైపింగ్ పరీక్ష పాసైతేనే అది నిలుస్తుంది. మొదటిసారి తప్పాను. 2012 వేసవికి మిగిలింది ఒక్క అవకాశం.

ఎందుకు తప్పానో నాకు తెలుసు. ఒక్క అక్షరం తేడా పడినా వెనక్కి వెళ్లి దిద్దేవాణ్ని. తప్పులున్న కాగితం మీద మా ఇంటిపేరు ఉండటం నేను భరించలేను. కొన్ని తప్పులకు మినహాయింపు ఉంది, పేజీ మాత్రం పూర్తి కావాలి; నాది సగం కాకముందే గంట కొట్టారు.

చిక్కడపల్లిలో మేముండే అద్దె గదుల్లో కంప్యూటర్ లేదు. ఆఫీసు అయ్యాక అశోక్ నగర్‌లో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లేవాణ్ని. అక్కడ టైపింగ్ ఆట ఒకటి ఉండేది. తెర పైనుంచి ఇంగ్లీషు పదాలు రాలుతుంటాయి. కింద పడేలోగా టైపు చేస్తే మాయమవుతాయి. లేకపోతే అడుగున వరుసగా ఉన్న ఐదు దీపాల్లో ఒకటి ఆరిపోతుంది. ఐదూ ఆరితే ఆట ముగుస్తుంది.

నాకు రెండు నిమిషాల్లో ముగిసేది. ఒక పదాన్ని దిద్దుతుండగా మూడు పదాలు కింద పడేవి. చొక్కా వీపుకు అతుక్కునేది.

రోజూ పక్క కుర్చీలో కూర్చునే యువకుడు కరీంనగర్ వైపు నుంచి వచ్చి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. నేను కూర్చునే తీరు చూసి నాకో పేరు పెట్టాడు.

“ఏంది దొరా, ఆట ఆడుతున్నవా, కోర్టుల బోనెక్కినవా? జర వెనక్కి ఒరుగు.”

మా తాత నిజంగానే దొర అని నేను చెప్పలేదు. ఆ మాట వాళ్ల ఊళ్లో ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు.

“నవ్వుతలేవు, తిడతలేవు. మజా రాకుంటే అది ఆటెట్లయితది అన్నా?”

“మజా కోసం రాలే.”

అతను నా తెర వైపు కాసేపు చూశాడు. “ఆ ఒక్క పదం కాడ్నే చస్తున్నవ్. అది పోయింది. ఇడిసిపెట్టు. మీదికెల్లి ఇంకోటి వస్తున్నది చూడు.”

నాతో ఎవరూ అలా మాట్లాడరు. ముఖం వేడెక్కింది. లేచి వచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లాను.

చెడిన పదాన్ని వదిలేస్తే ఒక దీపం పోతుంది. అది ఆరిపోతుంటే చూస్తూనే రెండో పదం కొట్టాలి. చేజారిన భూమి కోసం మా నాన్న చివరిదాకా అప్పీళ్లు వేస్తూనే ఉన్నారు. ఆ ఇంట్లో పెరిగిన నాకు పోయినదాన్ని వదిలేసే ఈ విద్య వేళ్ల ద్వారానే ఎక్కాలి. పరీక్షకు ముందు ఆడిన ఆ రెండు నెలల్లో ఒక్కరోజూ సరదా అనిపించలేదు. అయినా నేను ఆడిన ఆటలన్నిటిలో నాకు పనికొచ్చింది అదే, ఇప్పటికీ గౌరవం ఉన్నది దానిమీదే.

పరీక్ష హాల్లో మూడో వరుసలోనే తప్పు పడింది. చిటికెన వేలు బ్యాక్‌స్పేస్ మీదకి వెళ్లి ఆగింది. కష్టమ్మీద వెనక్కి తీసుకున్నాను. ఆ తప్పు చివరిదాకా నా కళ్ల ముందే ఉంది. గంట కొట్టేసరికి పేజీ పూర్తయింది.

ఫలితం వచ్చిన రోజు, తప్పుల లెక్క వేసి ఇచ్చిన కాగితంతో నేరుగా నెట్ సెంటర్‌కి వెళ్లాను. అతను తీసుకుని చదివాడు.

“పదకొండు తప్పులా దొరా?”

“పదకొండు. పాస్.”

“ఇప్పుడన్న మజా వచ్చిందా?”

“లేదు” అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా కుర్చీ లాక్కుని, ఆట తెరిచాను.