ఒక బండికి రెండు సుత్తులు

మా బావ సరిహద్దు స్టేషన్లో గూడ్సు బండ్ల చక్రాలు తనిఖీ చేస్తాడు. సుత్తితో కొట్టి, మోత విని, పగులుందో లేదో ఇట్టే చెప్పేస్తాడు. తన చెవులంటే ఆయనకు మహా గీర. అక్కడే గుమాస్తాగా పనిచేసే నాకు ఆ గీర మీద జోకులేయడమే కాలక్షేపం.

అవతలి దేశం నుంచి వచ్చే ప్రతి బండినీ అక్కడి తనిఖీదారు ముందే చూసి, బాగున్న చక్రం మీద సుద్దతో గీత పెడతాడు. సరిహద్దు దాటగానే బావ మళ్లీ మొదటినుంచీ చూసి, పక్కన ఇంకో గీత పెడతాడు. ఇటునుంచి వెళ్లే బండ్లకు అవతల అదే తంతు. ఈ రెండో తనిఖీకి నాలుగు గంటలు పడుతుంది. అక్క అవతలికి పంపే పూలమొక్కలు ఆ నాలుగు గంటలూ ఎండకు మాడేవి. సగం వాడిపోయాయని కొనేవాళ్లు తిప్పి పంపితే పాపం గుడ్ల నీళ్లు కుక్కుకునేది.

చివరికి రెండు దేశాలూ కూర్చుని, ఇకమీదట ఒకవైపు చూస్తే చాలు, రెండోవైపు నమ్మి వదిలేయాలని ఒప్పందం రాసుకున్నాయి. తనిఖీదారులిద్దరూ సంతకాలు పెడితే అమల్లోకి వస్తుంది. అక్క ఆగలేక అప్పుడే కొత్త నారు పోసేసింది.

సమావేశంలో అవతలి తనిఖీదారు పక్కనే కూర్చున్న బావ కలం ముట్టుకోలేదు.

"ఏంటండీ, ఇంకెవరి చెవులూ చెవులు కావా?" అన్నాడు పెద్దాఫీసరు. నేనూ అదే అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది.

"అది కాదు సార్. ఆరేళ్ల కిందట నేను బాగుందని పంపిన చక్రంలో పగులుంది. అవతల ఈయన పట్టుకున్నారు. పైకి రాయకుండా, పగులు చుట్టూ సుద్దతో సున్నా చుట్టి వ్యాగన్ వెనక్కి పంపారు. ఆ రోజు రెండో మనిషి చూడకపోయుంటే ఎవరి ప్రాణాలు పోయేవో! చూడ్డం ఒక్కసారే చూద్దాం. కానీ ఇద్దరం కలిసి చూద్దాం."

ఆర్నెల్లలో బావకు ప్రమోషన్ రావాలి. ఆఫీసరు అవతలి తనిఖీదారు వైపు తిరిగాడు. ఆయన కాదంటే ఆయన ఉద్యోగానికి ఢోకా లేదు, బావే అబద్ధాలకోరు అవుతాడు.

"నిజమే," అన్నాడాయన. "రాయకపోవడం నా తప్పు."

ఇద్దరికీ ఒకే వారంలో మెమోలు అందాయి. బావ ప్రమోషన్ అటకెక్కింది. ఒప్పందాన్ని మాత్రం ఆయన చెప్పినట్టే మార్చి రాశారు. "ఇన్నేళ్లూ నాతో కూడా చెప్పలేదేం?" అని అక్క రెండు రోజులు అలిగి కూర్చుంది.

మొదటి ఉమ్మడి తనిఖీ నాడు అక్క మొక్కలున్న బండి ముప్పావుగంటలో కదలాలి. బండికి ఇటు బావ, అటు ఆయన. ఏడో వ్యాగన్ దగ్గర బావ ఒక చక్రాన్ని కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరి సలహా అడగని మనిషి, వంగి బండి కిందనుంచి కేకేశాడు.

"ఒకసారి ఇటొచ్చి వినండి. నాకు అనుమానంగా ఉంది."