చీనా పట్టు మీది జ్ఞానులు

ఇందుకూరుపేటలో మా వసారా గోడకు చీనా పట్టు మీద గీసిన బొమ్మ ఒకటి ఉండేది. వెడల్పు జానెడున్నరే, పొడవు మాత్రం గోడంతా. చీనాలో పనిచేసి వచ్చిన దొరసానమ్మకు జబ్బుచేస్తే మా అమ్మ సేవ చేసింది. ఆవిడ తన దేశం వెళ్లిపోతూ దాన్ని అమ్మ చేతిలో పెట్టింది. నాన్న పోయాక మేము పెదనాన్న పంచన ఉన్నాం కాబట్టి, అమ్మ చేతిలో పెట్టింది ఏదైనా ఆయనదే. చుట్టగా ఉన్నదాన్ని సాగదీసి మేకులు కొట్టేశాడు.

కొట్టి ఊరుకున్నాడా? చర్చి పెద్ద కదా, అందులోని బారు చేతుల అంగీలు చూసి "వీళ్లు బాలయేసును చూడవచ్చిన తూర్పుదేశపు జ్ఞానులు" అని తేల్చాడు. ప్రతి క్రిస్మస్‌కూ చుట్టూ రంగు కాగితాలు అంటించి, బెత్తంతో ఒక్కొక్కరినీ పొడుస్తూ ప్రసంగం చేసేవాడు. జ్ఞానులు కొప్పుల్లో పూలు పెట్టుకుంటారా అన్న అనుమానం ఆ మహానుభావుడికి రానేలేదు.

చీనాతో యుద్ధం వచ్చింది. "మీ ఇంట్లో చీనా బొమ్మ ఉందంటనే?" అని ఎవరో అన్నారు. అంతే, ఆయనకు దేశభక్తి పొంగుకొచ్చింది. భయానికి ఆయన పెట్టుకున్న పేరు అది. ఆదివారం ఆరాధన కాగానే అందరి ముందూ కాల్చేస్తానన్నాడు.

"అది నాకిచ్చినారు బావగారూ" అంది అమ్మ.

"దేశం కన్నా నీకు బొమ్మ ఎక్కువైందా? చుట్టి, పాతగుడ్డలో కట్టి తీసుకురా పో."

అమ్మ మూట కట్టి తెచ్చింది. విప్పి చూసే ఓపిక ఆయనకెక్కడిది? కిరసనాయిలు పోసి అంటించి, కన్నీళ్లు కారుస్తూ ప్రార్థన చేశాడు. జనం శభాష్ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

నెల తిరక్కుండా కొడవలూరులో పెళ్లి. పెదనాన్న తన పట్టు ఉత్తరీయం కోసం పెట్టెలన్నీ తిరగేశాడు.

"కాలిపాయె గదా బావగారూ. అందరి ముందర మీరే అంటిస్తిరి" అంది అమ్మ.

ఆయన పెట్టెల మూతలు వేసేశాడు. అరిస్తే పోయేది తన పరువే. ఉత్త చొక్కాతోనే పెళ్లికి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ తలుపు గడియపెట్టి, వడ్ల గాదెలోంచి బొమ్మ తీసింది. ఒళ్లో పెట్టుకుని కుడివైపు నుంచి మూరెడు విప్పి, తనివితీరా చూసి, అది చుట్టి మరో మూరెడు విప్పింది. దొరసానమ్మ అలాగే చూపించేదట. అందరూ ఆడవాళ్లే. ఒకామె తల దువ్వుకుంటోంది, ఒకామె బిడ్డను కసురుతోంది.

"మళ్లీ ఆయన లాక్కుంటే?" అన్నాను.

"ఎట్ట లాక్కుంటాడు? ఇది కాలిపోయిందని ఊరంతా సాక్ష్యం" అంది అమ్మ.