తెర మారేటప్పటి చీకటి

నంద్యాల బస్టాండుకు దగ్గరి సందులో ఒక డి.టి.పి. సెంటరు ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో నేనూ, నా సహాధ్యాయి అయిన ఒక మిత్రుడూ ప్రతి శనివారమూ ఆళ్లగడ్డలో బస్సెక్కి అక్కడికి వెళ్ళేవాళ్ళం. ప్రాచ్యకళాశాలలో ఒకే బల్ల మీద కూర్చుని వ్యాకరణం చదివినవాళ్ళం. తెలుగు పండితులుగా పనిచేసి, తొంభైల చివర ఇంచుమించు ఒకేసారి ఉద్యోగ విరమణ పొందినవాళ్ళం. ఆయన నల్లమలను వర్ణిస్తూ అయిదాశ్వాసాల పద్యకావ్యం రచించాడు. నేనేమీ రచించలేదు. ఆయన రాసిన పద్యాన్ని మొట్టమొదట వినే భాగ్యం మాత్రం ఏళ్ళ తరబడి నాదే అయింది.

ఆ కావ్యం అచ్చయ్యేలోగా ప్రతి అక్షరాన్నీ తన కంటితో సరిచూసుకోవాలని ఆయన కోరిక. ఆ కోరికకు గడువుంది. కంటి నరం ఎండిపోతోందనీ, చుక్కల మందు దాన్ని ఆలస్యం చేయగలదే గాని ఆపలేదనీ కర్నూలు వైద్యుడు దాపరికం లేకుండా చెప్పేశాడు. కాగితం మీది అక్షరం ఆయనకు అప్పటికే చీమల బారులా అలికినట్టు కనబడేది. కంప్యూటరు తెర మీద మాత్రం అక్షరాన్ని గుమ్మడికాయంత చేసి చూపించవచ్చు. అందుకే ఆ ప్రయాణం.

సెంటరు నడిపే అమ్మాయిది బండి ఆత్మకూరు దగ్గరి పల్లె. తండ్రి మిషన్ బడిలో ఉపాధ్యాయుడు. చర్చి వాళ్ళకు కీర్తనల పుస్తకాలు కంపోజు చేసి చేసి, చూపు రాతప్రతి మీదే ఉంచి వేళ్ళతో తెలుగు కొట్టడం ఆమెకు అలవడింది. ఆమె బల్ల కింద మూడు కంప్యూటర్లు, బల్ల మీద మాత్రం ఒకే తెర, ఒకే కీబోర్డు. మూడింటి తీగలూ ఒక చిన్న డబ్బాలోకి వచ్చి చేరేవి. తెలుగు టైపు చేసే పాత ప్రోగ్రాము మొదటిదానిలో తప్ప నడవదు. పేజీలు కట్టేది రెండోదానిలో. పెళ్ళిపత్రికలూ ఫోటోలూ మూడోదానిలో. ఒకదాని నుంచి మరొకదానికి మారాలంటే స్క్రోల్ లాక్ అనే మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కి, ఆపైన ఆ యంత్రం అంకె నొక్కాలి.

ఇదంతా మాకు తర్వాత తెలిసింది. మొదటిరోజు ఆయన తెరకు ముఖం ఆనించి ప్రథమాశ్వాసంలోని అవతారిక చూస్తూ ఉండగా ఎవరో తొందరపెడుతూ వచ్చారు. ఆమె మీటలు టకటక నొక్కింది. పద్యం పోయి, దాని చోట ఒక వధూవరుల జంట ప్రత్యక్షమైంది.

"అయ్యయ్యో, తుడిచేసినావా పాపా!" అని మా మిత్రుడు కుర్చీలోంచి లేచాడు.

"యాడికీ పోలేదు అయ్యోరా. ఇంకో డబ్బాలో ఉండాది. ఈళ్ళకు పత్రిక రేపే కావల్ల. మీ అడివి ఆడనే ఉంటాది, పరిగెత్తదు" అంది ఆమె.

"పెండ్లికొడుకును చూసి బెదిరినావేమప్పా?" అన్నాను నేను.

"నువ్వు నోరు మూసుకో. నీ పద్యమైతే తెలిసేది" అన్నాడు. నాకు పద్యాలు లేవన్న సంగతి గుర్తొచ్చి తానే నవ్వేశాడు.

అయితే ఆ నవ్వు వెనక నేను గమనించినది వేరొకటి. ఒక యంత్రం నుంచి మరొకదానికి మారేటప్పుడు తెర రెప్పపాటు నల్లబడేది. మామూలు చూపున్నవాడికి అది లెక్కలోకి రాదు. తెరకు జానెడు దూరంలో, ఆ వెలుగునే సర్వస్వంగా చేసుకుని కూర్చున్న మనిషికి మాత్రం అది లోకమే ఆరిపోయినట్టు. తెర నల్లబడినప్పుడల్లా ఆయన చేయి నా ముంజేతిని వెతుక్కుంటూ వచ్చి గట్టిగా పట్టుకునేది; వెలుగు రాగానే ఏమీ ఎరగనట్టు వదిలేసేది.  

ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. మూడో వారం నుంచి కాబోలు, మీట నొక్కే ముందు "మారుస్తాండా అయ్యోరా" అనడం మొదలుపెట్టింది. ఆ మాట వినగానే ఆయన కళ్ళు మూసుకునేవాడు. "వచ్చింది" అనగానే తెరిచేవాడు. దిద్దుబాటు మొదటి యంత్రంలో, పేజీ రెండో యంత్రంలో. కాబట్టి ఒక్క పూటలో ఆ మాటలు ఎన్నిసార్లు వినబడేవో చెప్పలేను. వేరే పనికోసం వచ్చినవాళ్ళు వింతగా చూసేవారు. సున్న, శకటరేఫం, వట్రుసుడి ఒక్కొక్కటే ఆయన వేలితో తాకి చూపేవాడు, ఆమె దిద్దేది. అలా మూడాశ్వాసాలు ముగిశాయి. నాలుగోది మొదలయ్యేసరికి అక్షరాలు తెరకు అయిదారుకు మించి పట్టనంత పెద్దవయ్యాయి. ఒక పాదం చదవడానికి ఆమె పేజీని పక్కకు జరుపుతూ పోవలసి వచ్చేది.

ఒక శనివారం ఉదయం అందులోని కొండవాగు వర్ణన ముగించాము. ఆమె ఒక అరసున్న దిద్ది, "మారుస్తాండా" అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. "వచ్చింది" అంది. తెరిచాడు.

"ఇంకా రాలేదు కదమ్మా" అన్నాడు.

తెర తెల్లగా వెలుగుతోంది. ఆ వెలుగు ఆయన నుదుటి మీదా, కళ్ళద్దాల మీదా పడి ఉంది. ఆమె నా వంక చూసింది. 

"మారుతాంది అయ్యోరా. ఈ డబ్బా మొండికేసింది. ఉండండి" అంటూ ఆమె పనిలేకుండానే మీటల చప్పుడు చేసింది. ఆయన కాసేపు ఓర్పుగా ఉన్నాడు. తర్వాత చేయి చాచి గాజు మీద అరచేయి ఆనించాడు. చిటచిటమని సన్నని శబ్దం వినబడింది. ఆయన ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తెర వెచ్చగా ఉన్నట్టు, వెలుగుతూ ఉన్నట్టు ఆయనకు తెలిసిపోయింది.

"వచ్చే ఉంది కదా" అన్నాడు నెమ్మదిగా.

"ఊ, అయ్యోరా" అంది ఆమె.

మిగిలినది నేను చదివి దిద్దుతానన్నాను.

"నీవల్ల కాదప్పా. నా పద్యాలు నీకు నోటికి వచ్చు. తప్పు అచ్చయి ఉన్నా నీ నాలుక ఒప్పే పలుకుతాది. విని నేను మోసపోతాను" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

"నేను చదువుతా. నాకు మీ పద్యాలు రావు, అర్థం కూడా కాదు. ఉన్నది ఉన్నట్టు చదువుతా" అంది ఆమె.

ఆయన ముఖంలో ఆశ తొంగిచూసింది. సరేనన్నాడు. ఆమె చదివింది. ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కుంటూ, సమాసం ఎక్కడ విరగాలో తెలియక, యతి దాటిపోయి, మధ్యలో ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చి చదివింది. తప్పులు దొరికాయి కూడా; రెండు చోట్ల ఆయన ఆపి దిద్దించాడు. కాని ఎన్నేళ్ళో వాగులా పారిన పద్యం రాళ్ళగుట్టగా ఆయన చెవిలో పడుతోంది.

"చాలు పాపా. నువ్వు బాగానే చదివినావు. నేనే వినలేకపోతాండా" అన్నాడు. నా వైపు తిరిగి, "నేను కంటితో చూసింది ఆ వాగు దాకానే. ఆడికి ఆపి పుస్తకం కట్టేయించు" అన్నాడు.

"ఇదేంది అయ్యోరా! సగంలోనా? చదివేవాళ్ళు ఏమనుకుంటారు?"

"సగంలో ఆగిందనుకుంటారు. అదే నిజం."

నేను ఎంతో బతిమాలాను. ఆళ్లగడ్డలో బస్సు దిగేవరకూ బతిమాలాను. ఆయన వినలేదు. కావ్యం అలాగే అచ్చయింది.

పుస్తకాల కట్టతో ఆమె తానే మా వెంట ఆళ్లగడ్డకు వచ్చింది. తన ఇంటి వరండాలో ఆయన ఒక ప్రతి చేతికి తీసుకుని, చివరి పద్యం దగ్గర తన వేలు ఉంచమన్నాడు. ఉంచాను.

"దీని కింద ఏముంది?"

"ఏమీ లేదు. ఖాళీ" అన్నాను.

ఆయన వేలు ఆ ఖాళీ మీదుగా మెల్లగా కిందికి జారి పుట అంచు దాకా వెళ్ళింది; అక్కడ ఆగింది.

"మిగతాది మా డబ్బాలో భద్రంగా ఉండాది అయ్యోరా. ఎప్పుడు ఊ అంటే అప్పుడు తీస్తా" అంది ఆమె.

"ఉండనీ పాపా" అన్నాడు. పుస్తకం మూయలేదు. పుట మీద అరచేయి పరిచి, ఆమె బస్సు వేళయి మేమిద్దరం లేచేవరకూ అలాగే కూర్చున్నాడు.