బార్ గోడ మీది ఒర్రె

దయ్యాల ముచ్చట్లు పెట్టేవాళ్ళకు నేనంటే గిట్టదు. తలుపు ఎవరు వేశారు, వెలుతురు ఎంత ఉంది, నువ్వు నిద్ర మత్తులో ఉన్నావా అని అడిగి వాళ్ళ కథ చెడగొడతాను. ఇప్పటికీ నమ్మను. కానీ ఒమన్‌లో నాకు జరిగినదాని మీద అవే ప్రశ్నలు ఎన్నిసార్లు వేసుకున్నా జవాబు దొరకలేదు.

తొంభైల మొదట్లో నేను రూవిలో ఒక కంపెనీలో బోర్డులు రాసే పెయింటర్ని. మాది జగిత్యాల వైపు. నిజ్వా దాటాక కొండల్లో ఒక చిన్న ఊరికి నన్ను పంపారు. అక్కడి హోటల్ బార్ గోడ మీద ఆ ఊరి పాత పటం వేయాలి. కోట, ఖర్జూర తోటలు, బజారు, కొండ మీది నుంచి దిగే వాదీ, అంటే మన వైపు ఒర్రె అనే వాగు. ఊరి చరిత్ర అంతా హోటల్ మేనేజరే సేకరించి కాగితం మీద గీశాడు. పటం కింద నా పేరు రాసుకోనిస్తానన్నాడు. గల్ఫ్‌లో అన్నేళ్ళు బోర్డులు రాసినా ఒక్కదాని మీదా నా పేరు లేదు. ఆ మాట కోసమే కొండెక్కాను.

మొదటి రోజే నన్ను వంటింటి దారిన రమ్మన్నాడు. పేరు అడిగి కూడా, ఉన్నన్నాళ్ళూ "ఏయ్ పెయింటర్" అనే పిలిచాడు. నేను అవి మరచిపోలేదు.

అది రంజాన్ నెల. బార్ నెలంతా మూసి ఉంటుంది కాబట్టే ఆ పని అప్పుడు పెట్టారు. ముందు తలుపుకు లోపలి నుంచి గడియ నేనే వేసుకునేవాణ్ణి. సీసాలుండే వెనుక గదికి తాళం వేసి ఉండేది, తాళంచెవి మేనేజర్ దగ్గర. ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటింది. ట్యూబ్‌లైట్లన్నీ వెలుగుతున్నాయి. నిచ్చెన మీద నిలబడి ఒర్రెను తోటల వైపు దించుతున్నాను.

"ఒర్రె గటు పోదు తమ్మీ. కోట ఎన్కకెల్లి తిప్పు."

నా వెనుక నుంచి, పెద్ద వయసు గొంతు. నేను తిరగలేదు. గీత మధ్యలో ఉండగా పెయింటర్ తల తిప్పడు.

"కాగితంల గిట్లనే ఉన్నది," అన్నాను.

"కాగితం గీసినోడు ఒర్రెను సూసిండా?"

ఆ మాట నాకు నచ్చింది. మేనేజర్ మీది కోపం కూడా అందులో కలిసి ఉంటుంది. గీత తుడిచి, కోట వెనుక నుంచి తిప్పాను. కిందికి దిగి బ్రష్ కడుగుతుంటే అప్పుడు తట్టింది. ఆ హోటల్లో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. వేసిన గడియ వేసినట్టే ఉంది. వెనుక తాళం కూడా అంతే. వంగి బల్లల కింద కూడా చూశాను.

మర్నాడు మేనేజర్ గోడ చూసి, "కిస్‌నే బోలా?" అని అడిగాడు. ఎవరు చెప్పారని ఏం చెప్పను? ఇదే కరెక్ట్ అన్నాను. బార్‌లో పనిచేసే మలయాళీ ఎదుటే మేనేజర్ నన్ను చూసి నవ్వాడు. "ఇంజనీర్ సాబ్ వాదీకే దారి చూపిస్తున్నాడు." సరిచేస్తేనే పేరు, లేకపోతే లేదన్నాడు. నేను సరిచేయలేదు.

రెండు రోజులకు రంగు వాసన పోవాలని తలుపు తెరిచి ఉంచాను. హోటల్ తోటమాలి సలీమ్ గడప బయటే ఆగాడు. ఆ ఊరి ముసలాయన. మందు అమ్మే గదిలో కాలు పెట్టడు. పటాన్ని చాలాసేపు చూసి, వచ్చీరాని హిందీలో అన్నాడు: "పహ్లే వాదీ ఉధర్. మేరా దాదా కా ఘర్ లే గయా."

ఒకప్పుడు వాదీ కోట వెనుక నుంచే పారేదట. వాళ్ళ తాత ఇంటిని ముంచిన వరద తరవాతే తోటల వైపు మళ్ళిందట. వేసేది పాత ఊరి పటం. అంటే నేను వేసినదే సరి.

ఆయన్ను మేనేజర్ దగ్గరికి తీసుకెళ్ళి అదే మాట చెప్పించాను. మేనేజర్ విన్నాడు. "గెస్టులకు ఇప్పుడున్న వాదీ చాలు," అన్నాడు. నిజ్వా నుంచి ఇంకో పెయింటర్ని పిలిపించి ఒర్రెను మార్పించాడు. కింది మూలన నా పేరుకు వదిలిన చోటులో ఒక ఖర్జూర చెట్టు వేయించాడు. కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు.

అంతకుముందు ఆ హోటల్లో మనవాళ్ళెవరైనా పనిచేశారేమోనని అందరినీ అడిగాను. ఎవరూ లేరు. ఆ గొంతు ఆ ఊరివాడిదైతే మా జగిత్యాల మాట ఎలా వచ్చింది? మనవాడిదైతే, సలీమ్ తాత నాటి ఒర్రె దారి ఎలా తెలిసింది? ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

మేనేజర్ మీద నా ఫిర్యాదు అలాగే ఉంది. ఆ గొంతు మీద కూడా ఒకటుంది. నాకు చెప్పినంత సూటిగా ఆ మేనేజర్‌కు ఒక్క ముక్క చెప్పి ఉంటే, నా పేరు ఆ గోడ మీద ఉండేది.